పాత తారు రోడ్డును అక్కడికక్కడే పొడి చేసి కొత్త బేస్‌గా మార్చడం ఎలా

గుంతలు పడి, అంచులు విరిగి, కంకర తేలిన తారు రోడ్డు మీద ఇంకో పొర వేసి బిల్లు పెట్టేయడం మనకు బాగా అలవాటైన పని. ఒక వానాకాలం గడిచేసరికి కింది పగుళ్లు పైకొస్తాయి, పాత గుంత ఉన్నచోటే కొత్త గుంత పడుతుంది. ఊరి మధ్య రోడ్డయితే ఇంకో బాధ కూడా ఉంది. పొర మీద పొర వేసుకుంటూ పోతే రోడ్డు ఇళ్ల గుమ్మాల కన్నా ఎత్తయిపోయి, వాన నీళ్లు తిన్నగా వరండాలోకి వస్తాయి. దీనికి బదులు ఉన్న రోడ్డునే 200, 250 మిల్లీమీటర్ల లోతు దాకా మిషన్‌తో పొడి చేసి, అందులోనే సిమెంటు, నీళ్లు కలిపి, రోలర్లతో తొక్కించి గట్టి బేస్‌గా (పై తారు పొర కింద బరువు మోసే పొరగా) మార్చే పద్ధతి ఉంది. ఫుల్ డెప్త్ రిక్లమేషన్ అంటారు, సైట్లో అందరికీ ఎఫ్‌డీఆర్. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన మూడో విడత కింద (2019లో కేంద్రం 1,25,000 కిలోమీటర్లకు ఆమోదం తెలిపింది) ఉత్తరప్రదేశ్ పల్లె రోడ్లలో దీన్ని పెద్ద ఎత్తున వాడింది.

ఇది రాస్తున్నది ఈ పని మొదటిసారి చేతికొచ్చిన ఏఈలకి, సైట్ ఇంజనీర్లకి, చిన్న కాంట్రాక్టర్లకి. తమ ఊళ్లో పని సరిగ్గా జరుగుతోందో లేదో తెలుసుకోవాలనుకునే సర్పంచులు కూడా చదవొచ్చు. మిషన్ రోడ్డును నమిలేస్తున్న వీడియోలు చాలానే చూసుంటారు. నన్నడిగితే అది ఈ మొత్తంలో సులువైన భాగం. రోడ్డు నిలుస్తుందా లేదా అన్నది మిషన్ రాకముందు తవ్విన పరీక్ష గుంతల్లో సగం తేలిపోతుంది, మిగతా సగం సిమెంటుకి నీళ్లు తగిలాక వచ్చే రెండు గంటల్లో తేలుతుంది.

ముందు ఈ రోడ్డుకి ఇది పనికొస్తుందా?

రోడ్డు ఎందుకు పాడైందో చూడండి. పై తారు పొర మాత్రమే పాతబడి రాలిపోతుంటే ఇంత పని అక్కర్లేదు, ఓవర్‌లే, అంటే పైన ఇంకో తారు పొర, చాలు. మొసలి చర్మంలా పగుళ్లు, చక్రాల దారిలో పల్లాలు, ఏటా అవే చోట్ల ప్యాచ్‌లు ఉంటే బేస్ పోయిందని అర్థం. అప్పుడు ఎఫ్‌డీఆర్ ఆలోచించాలి. కానీ నేల కిందనుంచి నీళ్లు ఊరుతూ ఉంటే, అంటే రెండు పక్కలా ఏడాదిలో చాలా నెలలు నీళ్లు నిలిచే వరి పొలాలున్న డెల్టా రోడ్లలోనో, కాలవ గట్ల మీదో, ముందు ఆ నీటి సంగతి తేల్చకుండా పైన ఎంత గట్టి బేస్ చేసినా కింద నల్లరేగడి మెత్తబడగానే పలకలు పలకలుగా విరుగుతుంది. సైడు కాలవ, కల్వర్టు, అవసరమైతే కొంత మేర ఎత్తు పెంచడం, ఇవన్నీ ఎస్టిమేట్‌లోనే ఉండాలి. ఎఫ్‌డీఆర్ చేస్తే డ్రైనేజీ అక్కర్లేదు అని ఎవరైనా చెబితే నమ్మకండి.

రోడ్డు కింద ఏమేం పైపులు, కేబుళ్లు ఉన్నాయో ఈ దశలోనే తెలుసుకోండి. తాగునీటి పైపులు, ఫైబర్ కేబుళ్లు అడుగు లోతులో కూడా దొరుకుతుంటాయి, కాగితం మీద మాత్రం మీటరు లోతు అని ఉంటుంది. ఊళ్లో నల్లాలు చూసే మనిషిని పక్కన పెట్టుకుని రోడ్డు పొడవునా నడిస్తే డ్రాయింగుల కన్నా ఎక్కువ సమాచారం దొరుకుతుంది.

గుంతలు తవ్వండి, బద్ధకించొద్దు

ప్రతి 250 నుంచి 500 మీటర్లకు ఒక గుంత, ఒకసారి ఎడమ పక్క, ఒకసారి మధ్య, ఒకసారి కుడి పక్క. రోడ్డు తీరు మారినట్టు కనిపించిన ప్రతిచోటా అదనంగా ఇంకొకటి. తారు ఎంత మందం, దాని కింద మెటల్ (రాతి కంకర) ఎంత, గ్రావెల్ ఎంత, మట్టి ఏ రకం అని పొర పొరకీ టేపుతో కొలిచి రాయండి, ఫొటో తీయండి. ప్రతి పొర నుంచి విడివిడిగా సంచుల్లో శాంపిల్ పట్టండి. గుంత అడుగున డీసీపీ పరీక్ష (బరువు జారవిడుస్తూ మొన ఉన్న కడ్డీ ఎంత దిగుతుందో చూడడం) చేసి మట్టి సీబీఆర్, అంటే బరువు మోసే శక్తి, అంచనా వేయండి.

ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. పల్లె రోడ్లలో సాధారణంగా పైన 20 మిల్లీమీటర్ల తారు కార్పెట్, కింద 75, 75 చొప్పున రెండు పొరల డబ్ల్యూబీఎం (నీళ్లు కొట్టి తొక్కించిన కంకర), ఆ కింద గ్రావెల్ అని రికార్డులో ఉంటుంది. తవ్వితే ఒకచోట 250 దొరుకుతుంది, ఇంకోచోట 120 కూడా ఉండదు. మీరు 200 లోతుకి మిషన్ దించితే ఆ 120 ఉన్నచోట మిగిలిన 80 మిల్లీమీటర్లూ నల్లమట్టే పైకొచ్చి కంకరలో కలిసిపోతుంది. ఆ మిశ్రమానికి ల్యాబ్‌లో డిజైన్ చేసిన సిమెంటు సరిపోదు, బలం పరీక్షకి పోసిన క్యూబులు (ఘనాకార దిమ్మెలు) ఫెయిల్ అవుతాయి, అప్పుడు తప్పు మిషన్ ఆపరేటర్ మీద పడుతుంది. మందం తక్కువున్న భాగాలు ముందే తెలిస్తే అక్కడ పైన కొత్త మెటల్, క్రషర్ డస్ట్ పరిచి ఆ తర్వాత తవ్వొచ్చు. కాబట్టి రోడ్డు మొత్తానికి ఒకే డిజైన్ పెట్టకుండా, గుంతల లెక్కను బట్టి రెండు మూడు ముక్కలుగా విడదీసుకోండి.

ల్యాబ్‌లో తేల్చుకోవాల్సినవి

గుంతల్లో దొరికిన తారు ముక్కల్ని, మెటల్‌ని, గ్రావెల్‌ని మిషన్ ఏ నిష్పత్తిలో కలుపుతుందో అదే నిష్పత్తిలో కలిపి జల్లెడ పట్టించండి. సిమెంటుతో స్థిరపరిచే మెటీరియల్‌లో 37.5 మిల్లీమీటర్ల జల్లెడ నుంచి కనీసం 95 శాతం దిగాలి. ఇక్కడే చాలామంది ఒక భ్రమలో ఉంటారు. మిషన్ తారు పొరను పొడి చేస్తుంది, అతుక్కున్న ముద్దల్ని విడగొడుతుంది, అంతేగాని గట్టి నల్లరాయిని క్రషర్‌లా పగలగొట్టదు. పాత డబ్ల్యూబీఎంలో 63 మిల్లీమీటర్ల రాళ్లుంటే చాలావరకు అలాగే పైకొస్తాయి. పెద్ద రాళ్లెక్కువై మధ్యలో ఖాళీలు మిగిలితే క్రషర్ డస్ట్ ఎంత కలపాలో ల్యాబే చెప్పాలి.

మెటీరియల్‌లో తారు పూసిన ముక్కల వాటా మరీ ఎక్కువైతే సిమెంటు సరిగ్గా పట్టదు, రాయి మీద తారు పొర అడ్డుపడుతుంది. పల్లె రోడ్లలో తారు పలచన కాబట్టి ఈ సమస్య తక్కువ, పదేపదే ఓవర్‌లే వేసిన మెయిన్ రోడ్లలో చూసుకోవాలి. అలాగే జిగట మట్టి ఎక్కువుంటే సిమెంటు ఒక్కటే చాలదు, ముందు సున్నంతో జిగట తగ్గించాలి.

తర్వాత ట్రయల్ మిక్స్‌లు. బరువులో 3, 4, 5, 6 శాతం సిమెంటుతో క్యూబులు పోసి 7 రోజుల బలం చూస్తారు. ఐఆర్‌సీ 37 (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ డిజైన్ మార్గదర్శకం) ప్రకారం సిమెంటు కలిపిన బేస్‌కి 4.5 నుంచి 7 మెగాపాస్కల్స్ కావాలి. ట్రాఫిక్ తక్కువున్న రోడ్లకి వేరే ప్రమాణం ఉంటుంది, మీ డిజైన్‌లో ఏ సంఖ్య ఉందో అదే పట్టుకోండి. బలం ఒక్కటీ చూసి సంతకం పెట్టొద్దు. తడిపి ఆరబెట్టే పరీక్ష 12 సార్లు చేసినప్పుడు బేస్ శాంపిల్ బరువు 14 శాతం కన్నా ఎక్కువ తగ్గకూడదు, మన వానలకీ ఎండలకీ రోడ్డు ఆగుతుందో లేదో చెప్పేది అదే. ఇంకో మాట, "ఒక శాతం ఎక్కువే వేద్దాం, సేఫ్" అనే వాళ్లు ప్రతి సైట్లోనూ ఉంటారు. సిమెంటు పెరిగితే బేస్ పెళుసుబారి వెడల్పు పగుళ్లు వస్తాయి, అవి పై తారులోకి కూడా పాకుతాయి. పాసయ్యే శాతాల్లో తక్కువదే ఎంచుకోండి.

సిమెంటు బదులు ఎమల్షన్ (నీళ్లలో కలిసిన తారు) గానీ, ఫోమ్డ్ బిటుమెన్ (నురగ తారు) గానీ వాడే పద్ధతి కూడా ఉంది. ఫోమ్డ్ బిటుమెన్ అయితే, 160 నుంచి 180 డిగ్రీల వేడి తారులోకి కొద్దిగా చల్లటి నీళ్లు కొడితే అది నురగలా పొంగుతుంది, ఆ నురగను కంకరలో కలుపుతారు, తోడుగా ఒక శాతం దాకా సిమెంటు వేస్తారు. పగుళ్లు తక్కువ, కానీ ఖర్చు, సరంజామా ఎక్కువ. తారు మందంగా ఉన్న హైవేలకి నప్పుతుంది. పల్లె రోడ్డుకి సిమెంటే చాలు కాబట్టి మిగతాదంతా దాని గురించే చెబుతాను.

సిమెంటు, నీళ్ల లెక్క

ఈ లెక్క మీ చేతులతో మీరే వేయండి, స్టోర్ కీపర్‌కి వదలొద్దు. ఉదాహరణకి 3.75 మీటర్ల వెడల్పు రోడ్డు, 200 మిల్లీమీటర్ల లోతు, డ్రై డెన్సిటీ (తేమ లేకుండా బరువు) ఘనపు మీటరుకి 2.1 టన్నులు, సిమెంటు 4 శాతం అనుకుందాం. ఒక చదరపు మీటరులో ఉన్న మెటీరియల్ 420 కిలోలు, దానికి సిమెంటు 16.8 కిలోలు. అంటే 50 కిలోల బస్తా ఒకటి మూడు చదరపు మీటర్లకు వస్తుంది. కిలోమీటరుకి 63 టన్నులు, 1,260 బస్తాలు. ఇదే కిలోమీటరులో తిరిగి వాడుకుంటున్న పాత మెటీరియల్ 1,575 టన్నులు. టిప్పర్‌కి 15 టన్నులు వేసుకున్నా క్వారీ నుంచి నూట ఐదు ట్రిప్పులు తప్పినట్టే, ఆ ట్రిప్పులకి పాడయ్యే పక్క ఊరి రోడ్డు కూడా మిగిలినట్టే.

నీళ్లు కూడా ఇలాగే. ల్యాబ్ చెప్పిన తేమ 7 శాతం, రోడ్డులో అప్పటికే 4 శాతం ఉంటే తక్కువ పడింది 3 శాతం, చదరపు మీటరుకి సుమారు 12.6 లీటర్లు. ఎండాకాలంలో ఆవిరయ్యే దానికి కొంచెం కలుపుకోండి. రోడ్డులో తేమ ఏ రోజుకారోజు మారుతుంది కాబట్టి పొద్దున్నే పెనం మీద వేయించి చూసే పరీక్ష అయినా చేయాలి, నిన్నటి సంఖ్యతో ఇవాళ నీళ్లు కొట్టొద్దు.

మిషన్ ఎక్కే ముందు

మార్జిన్ల మీద గడ్డి, మట్టి గీకేయండి, లేకపోతే అదంతా బేస్‌లో కలుస్తుంది. మ్యాన్‌హోల్ మూతలుంటే కిందికి దించి జాడ గుర్తు పెట్టండి. లెవెల్స్ తీసి రెండు పక్కలా పెగ్గులు కొట్టండి. పొలాలకి, బడికి, ఆస్పత్రికి వెళ్లే దారి ఎటు మళ్లిస్తున్నారో ముందే చాటింపు వేయించండి, కోతల టైమైతే వరి ట్రాక్టర్లు ఎవరి మాటా వినవు.

తర్వాత సిమెంటు లేకుండా ఒకసారి మిషన్ నడిపించి రోడ్డును పొడి చేయించడం మంచిది. ఒక్క పాస్‌లో అన్నీ కానిచ్చేయొచ్చని మిషన్ ఓనర్ అంటాడు, కొన్ని రోడ్లకి అది నిజమే కూడా. కానీ మన ఎగుడుదిగుడు రోడ్లకి ముందు పొడి చేసి, గ్రేడర్‌తో షేప్ తెచ్చి, తేలిగ్గా రోలింగ్ చేశాక సిమెంటు చల్లితే లోతు ఒకేలా వస్తుంది. పెద్ద రాళ్లు, తారు పెచ్చులు కనిపించేది కూడా ఈ పాస్‌లోనే, మనుషుల్ని పెట్టి ఏరించండి. రోలర్ ఎక్కితే కింద మెత్తగా ఊగే చోటుంటే ఇప్పుడే తవ్వి మంచి గ్రావెల్ నింపాలి.

సిమెంటు స్ప్రెడర్ లారీ ఉంటే మేలు. ఉన్నా నమ్మకుండా ఒక చదరపు మీటరు గుడ్డ గానీ రేకు ట్రే గానీ రోడ్డు మీద పెట్టి, పైన పడిన సిమెంటు తూచండి. స్ప్రెడర్ లేకపోతే బస్తాలు లెక్క ప్రకారం గళ్లు గీసి పెట్టి, విప్పి, గోకుడు పారలతో సమంగా పరచాలి. మనుషులకి మాస్కులు, గ్లౌజులు, బూట్లు ఇవ్వండి, సిమెంటు చేతుల్ని తినేస్తుంది. గాలి బాగా వీస్తుంటే చల్లడం ఆపండి. పక్కన పూత మీదున్న మిర్చి తోట మీద సిమెంటు పడితే రైతుకి సమాధానం చెప్పాల్సింది మీరే. వాన సూచన ఉంటే ఆ రోజు అసలు మొదలెట్టొద్దు.

ఆ రెండు గంటలు

సిమెంటుకి నీళ్లు తగిలిన నిమిషం వాచీ చూసి రాసుకోండి. కలపడం నుంచి చివరి రోలింగ్ దాకా రెండు గంటల్లో అయిపోవాలి. ఆ తర్వాత తొక్కితే అప్పుడే ముడిపడుతున్న సిమెంటును మనమే విరగ్గొట్టినట్టవుతుంది. అందుకే ఒకేసారి కిలోమీటరు సిమెంటు పరిచేయకుండా 100, 150 మీటర్ల ముక్కలుగా పని చేయండి. టీలు, భోజనాలు ముక్కకీ ముక్కకీ మధ్యే.

రీసైక్లర్ (రోడ్డును పొడి చేసి కలిపే ఈ మిషన్) వాటర్ ట్యాంకర్‌ను ముందు తోసుకుంటూ వెళ్తుంది, పైపు ద్వారా నీళ్లు డ్రమ్ము లోపలే పడతాయి. డ్రమ్ము వెడల్పు ఎక్కువ మిషన్లలో 2.4 మీటర్లుంటుంది, కాబట్టి 3.75 రోడ్డుకి రెండు పాస్‌లు. రెండో పాస్‌లో మొదటి దాని మీద కనీసం 150 మిల్లీమీటర్లు ఎక్కి రావాలి, అయితే ఆ ఎక్కిన మేర నీటి నాజిళ్లు మూయించండి. మూయకపోతే మధ్యలో ఒక చార బురదైపోయి రోడ్డు పొడవునా బలహీన గీతలా మిగులుతుంది. మిషన్ వెనకాల ఒక మనిషి నడుస్తూ ప్రతి కొన్ని మీటర్లకీ ఇనప చువ్వ గుచ్చి లోతు చూడాలి, పిడికెడు తీసి నొక్కి చూడాలి. ముద్ద కట్టి, చేతికి తడి అంటకుండా, రెండుగా విరిగితే నీళ్లు సరిపోయినట్టు. వేళ్ల మధ్యనుంచి నీరు చిమ్మితే ఎక్కువైంది, పొడిగా రాలిపోతే తక్కువైంది. ఇది అంచనా మాత్రమే, ల్యాబ్ తేమ పరీక్ష మానొద్దు. డ్రమ్ము పళ్లు అరిగితే పొడి సరిగ్గా కాదు, ముక్క మారినప్పుడల్లా చూసి విరిగినవి మార్పించండి.

మిషన్ వెనకే ప్యాడ్‌ఫుట్ రోలర్ (డ్రమ్ము మీద బొడిపెలున్న రోలర్) రావాలి, గ్రేడర్ కాదు. ఎందుకంటే రీసైక్లర్ వెనక చక్రాలు రెండు చారల్ని అప్పటికే నొక్కేసి ఉంటాయి, మధ్యభాగం వదులుగా ఉంటుంది. ముందు గ్రేడర్ లాగితే పైకి సమంగా కనిపించి లోపల డెన్సిటీ తేడా అలాగే ఉండిపోతుంది. ప్యాడ్‌ఫుట్ అడుగు భాగం గట్టిపరిచాక గ్రేడర్‌తో కాంబర్ (మధ్య ఎత్తు, పక్కలకి వాలు) తెచ్చుకుని, ఆపైన నున్న డ్రమ్ము వైబ్రేటరీ రోలర్, చివర్లో టైర్ రోలర్.

గ్రేడర్ ఆపరేటర్‌కి ఒక్కటే రూలు చెప్పండి: ఎత్తున్నచోట కోయాలి, పల్లమున్నచోట పలచగా నింపకూడదు. తొక్కిన పొర మీద రెండు మూడు సెంటీమీటర్ల అతుకు వేస్తే అది కింది దానితో కలవదు, తారు వేసిన కొన్నాళ్లకే పెచ్చులా లేస్తుంది. పల్లం తప్పనిసరిగా సరిచేయాలంటే గీకి, గరుకు చేసి, టైమ్‌లోపే కలపాలి, లేదా పై పొరలో సర్దుకోవాలి. కోసిన మెటీరియల్‌ని మార్జిన్‌కి తోసేయండి.

ఇదే టైమ్‌లో ల్యాబ్ కుర్రాడు మిషన్ వెనకనుంచి మిక్స్ తీసుకుని 150 మిల్లీమీటర్ల క్యూబులు పోయాలి. సాయంత్రం పోద్దాంలే అంటే అప్పటికి అది చచ్చిపోయిన సిమెంటు, క్యూబు ఫెయిలయితే రోడ్డు బాగున్నా మీరు నిరూపించుకోలేరు. రోలింగ్ అవగానే శాండ్ రీప్లేస్‌మెంట్‌తో (గుంత తీసి, అందులో పట్టే ఇసుకతో కొలిచే పద్ధతి) డెన్సిటీ చూడండి, ల్యాబ్‌లో వచ్చిన గరిష్ఠ డెన్సిటీలో 98 శాతం రావాలి. గుంత పూర్తి లోతుకి తీయించండి. పై 100 మిల్లీమీటర్లు చూసి వదిలేస్తే అడుగు సంగతి ఎప్పటికీ తెలియదు.

ఏడు రోజులు తడి ఆరనివ్వొద్దు

క్యూరింగ్ 7 రోజులు. ట్యాంకర్‌కి సన్నగా చిమ్మే పైపు పెట్టండి, ధారగా కొడితే పైనున్న సన్న మెటీరియల్ కొట్టుకుపోతుంది. మే నెల ఎండల్లో రోజుకి ఎన్నిసార్లని అడగొద్దు, రోడ్డు తెల్లబడకముందే మళ్లీ తడపాలి. నీళ్లకి ఇబ్బందైతే ఎమల్షన్ పలచగా కొట్టి తేమను లోపలే బంధించొచ్చు. ఈ వారం లారీలు, టిప్పర్లు ఎక్కకూడదు. మీ సైట్ టిప్పర్లకి కూడా ఇదే రూలు, ఎక్కువసార్లు ఎక్కేవి అవే.

రెండో రోజో మూడో రోజో బరువైన వైబ్రేటరీ రోలర్‌ను కొన్ని పాస్‌లు తిప్పి కావాలనే వెంట్రుకవాసి పగుళ్లు తెప్పించే పద్ధతి అమెరికాలో, ముఖ్యంగా టెక్సాస్‌లో వాడుకలో ఉంది. దూరదూరంగా వెడల్పు పగుళ్లు రావడం కన్నా దగ్గర దగ్గరగా సన్న పగుళ్లు రావడం నయమని దాని లాజిక్. మీ స్పెసిఫికేషన్‌లో లేకపోతే సొంతంగా ప్రయోగం చేయకండి.

పైన ఏం వేయాలి

సిమెంటు బేస్ కాస్తో కూస్తో పగలక మానదు. ఆ పగులు నేరుగా తారులోకి రాకుండా మధ్యలో ఒక పొర కావాలి. తారు కొట్టి చిప్స్ చల్లే సామి పొరో, తారులో నానిన జియోటెక్స్‌టైల్ గుడ్డో, కాస్త పెద్ద రోడ్డయితే 100 మిల్లీమీటర్ల వెట్ మిక్సో (ప్లాంట్‌లో నీళ్లు కలిపిన కంకర) వేస్తారు. దాని మీద బిటుమినస్ కాంక్రీట్. ఎస్టిమేట్ తగ్గించాలనుకున్నప్పుడు ముందు కోసేసేది ఈ మధ్య పొరనే, అన్నిటికన్నా ముందు పశ్చాత్తాపపడేదీ దీని గురించే. మార్జిన్లను బేస్ అంచు దాకా మంచి గ్రావెల్‌తో నింపి, నీళ్లు కాలవలోకి పోయేలా వాలు ఇవ్వండి. తారు కన్నా మార్జిన్ ఎత్తుగా ఉంటే నీళ్లు అంచునే నిలబడి బేస్‌లోకి దిగుతాయి.

మిషన్ దొరకకపోతే

అర కిలోమీటరు రోడ్డుకి రీసైక్లర్ తెప్పిస్తే దాని రవాణా ఖర్చుకే పని గిట్టదు. నాలుగైదు రోడ్లు ఒకే ప్యాకేజీలో కలిపితేనే గిడుతుంది, లేదా ప్లాంట్ పద్ధతి ఉంది. జేసీబీతో పాత రోడ్డు లేపి, మెటీరియల్‌ని వెట్ మిక్స్ ప్లాంట్ దగ్గర పోసి, జల్లెడ పట్టి, పెద్ద పెచ్చులు క్రషర్‌కి వేసి, ప్లాంట్‌లోనే సిమెంటు, నీళ్లు కలిపి, పేవర్‌తో తిరిగి పరచొచ్చు. రెండు గంటల లెక్కలో రవాణా కూడా చేరుతుంది కాబట్టి ప్లాంట్ దగ్గర్లో ఉండాలి. జేసీబీతో పెకలించి, ట్రాక్టర్ రోటవేటర్‌తో సిమెంటు కలిపి ఎఫ్‌డీఆర్ అని బిల్లు పెట్టేవాళ్లని మాత్రం దగ్గరికి రానివ్వకండి. రోటవేటర్ తారు పెచ్చుల్ని పొడి చేయదు, 200 లోతుకి సమంగా కలపనూ లేదు.

పని అయ్యాక కోర్లు (రోడ్డులోంచి మిషన్‌తో కోసి తీసే గుండ్రటి శాంపిళ్లు) తీయించండి. కోరు చెక్కుచెదరకుండా పూర్తి పొడవుగా వస్తే మంచిది, ముక్కలై వస్తే ఆ చోటు చైనేజీని (రోడ్డు మొదటినుంచి దూరాన్ని) మీరు రాసుకున్న నీళ్లు తగిలిన టైమ్‌తో, ఆ రోజు తేమతో, క్యూబు నంబరుతో పోల్చి చూడండి, కారణం సాధారణంగా అక్కడే దొరుకుతుంది. గ్రామ సడక్ యోజన రోడ్లకి ఐదేళ్ల నిర్వహణ కాంట్రాక్టర్ మీదే ఉంటుంది కాబట్టి ఈ కాగితాలన్నీ అప్పటిదాకా దాచండి, ఏటా జూన్‌కి ముందు ఒకసారి రోడ్డంతా నడిచి కనిపించిన పగుళ్లలో తారు పోయించండి.